పిలవకుండా కదిలిన బండి

మన లావోస్‌లోని సెనో కూడలిలో బస్సు వచ్చిందంటే ముందు వినబడేది ఇంజను చప్పుడు కాదు, ఫెంగ్సీ గొంతు. కాల్చిన కోడిని వెదురుపుల్లల మధ్య బిగించి, రెండు చేతులా విసనకర్రల్లా పట్టుకుని, బస్సు ఆగీ ఆగకముందే కిటికీల వెంట పరిగెత్తేది. మిగతా ఆడవాళ్ళూ పరిగెత్తేవాళ్ళే గాని వాళ్ళ కేకలు అద్దం దగ్గరే ఆగిపోయేవి. ఫెంగ్సీ కేక వెనక సీట్లో గుర్రు పెట్టేవాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టేది.

"నీ గొంతుకు దడుచుకుని కొంటారే జనం, కోడి రుచికి కాదు" అని పక్క పొయ్యి మనిషి దెప్పితే, "నీ కోడి రుచి చూసినవాడు రెండోసారి ఈ దారిన వచ్చాడా?" అనేది.

ఆ గొంతుతోనే కొడుకును పెంచింది. మొగుడు వానాకాలంలో వల భుజాన వేసుకుని వాగుకు వెళ్ళాడు. వల దొరికింది, మనిషి దొరకలేదు. కొడుకు పేరు సిథోన్. బొద్దుగా పుట్టాడని తుయ్ అన్నారు. పెద్దయ్యాక వెదురుకర్రలా సాగినా ఆ పేరే ఉండిపోయింది. చెప్పిన మాట జవదాటడు. పొయ్యి దగ్గర కూర్చోమంటే లేవమనేదాకా కూర్చునేవాడు. అలాంటి పిల్లల్ని చూసి లోకం ముచ్చటపడుతుంది. ముచ్చటపడేవాళ్ళకేం, వాళ్ళ సొమ్మేం పోయింది? కాస్త మొండితనం లేనివాడు పరాయిచోట నెగ్గుకురావడం కష్టం.

ఊళ్ళో కుర్రాళ్ళంతా నది దాటి థాయ్ దేశం పోతుంటే తుయ్ కూడా పోయాడు. రయోంగ్‌లో మేడలు కట్టే పని. అసలు నదికి అటూ ఇటూ ఒకటే మాట, ఒకటే జిగురన్నం, ఒకటే మాగిన చేప. పరాయి దేశమని ఎవరికీ అనిపించదు. మనిషి చచ్చినప్పుడే అది పరాయిదవుతుంది.

పైనుంచి ఇనుపచువ్వల కట్ట దింపుతున్నారట. మేస్త్రీ తాడు పట్టుకోమన్నాడట. కట్ట జారింది, అందరూ తాళ్ళు వదిలేశారు. వదలమని ఎవరూ చెప్పలేదు గనక తుయ్ వదల్లేదు.

ఆ కబురు అందుకుని ఫెంగ్సీ తన తమ్ముడు బున్‌తన్ పికప్ బండిలో నది దాటి రయోంగ్ వెళ్ళింది. అక్కడి బౌద్ధ గుడిలోనే దహనం చేశారు. ఎముకలు ఏరి, మట్టికుండలో పెట్టి, తెల్లబట్ట కట్టి ఒళ్ళో పెట్టారు. అంతవరకూ ఆమె కంట నీరు రాలేదు. ఊరివాళ్ళయితే రాయి అనేవాళ్ళు. ఆమె మనసంతా ఒక్కదాని మీదే ఉంది: వాణ్ణి ఇంటికి తీసుకుపోవాలి. మొగుడి ప్రాణం ఎక్కడ పోయిందో తెలియక, పిలిచి తీసుకురావడానికి చోటే దొరకలేదు. వీణ్ణయినా దారిలో వదలకూడదు.

తుయ్ పడి చనిపోయిన చోటుకు ముసలి భిక్షువు వచ్చాడు. అగరొత్తులు వెలిగించి, కుండకు తెల్లదారం చుట్టి, "సిథోన్, మీ అమ్మ వచ్చింది, లే, ఇంటికి పద" అని పిలిచాడు. తరవాత ఫెంగ్సీకి చెప్పాడు.

"హఠాత్తుగా పోయినవాడు, అమ్మా. తాను పోయినట్టు ఇంకా తెలీదు. దారి అంతకన్నా తెలీదు. వంతెన వస్తే వంతెన అని చెప్పు. మలుపు వస్తే మలుపని చెప్పు. ఆగితే దిగమను, బయల్దేరితే ఎక్కమను. చెప్పకుండా కదిలావంటే ఉన్నచోటే ఉండిపోతాడు. ఎంతకాలమని అడక్కు."

"చెబుతాను స్వామీ. నాకు నోరు తప్ప ఇంకేముంది?" అంది ఫెంగ్సీ.

చెప్పింది. రయోంగ్ నుంచి యసోథోన్ దాకా ఎన్ని వంతెనలో అన్నీ చెప్పింది. "నాయనా, వాగు దాటుతున్నాం, గట్టిగా పట్టుకో." "నాయనా, ఎడమకు తిరుగుతున్నాం." రాత్రి పెట్రోలుబంకులో ఆగితే, "దిగు, ఇక్కడే పడుకుంటాం, దూరం పోకు" అని, తెల్లారి "ఎక్కు" అని. కబురు విన్నప్పటినుంచీ ఆమెకు నిద్ర లేదు. పక్కన బున్‌తన్ పళ్ళు బిగించి బండి తోలుతున్నాడు.

వాడి బాధ వాడిది. మన లావోస్‌లో బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి, థాయ్‌లో ఎడమపక్కన. బండిలో స్టీరింగేమో మన పద్ధతిలో ఎడమవైపు. అంటే అక్కడ తోలేవాడు గట్టు పక్కన కూర్చుంటాడు, పక్కనున్నవాళ్ళు నడిరోడ్డు మీద కూర్చున్నట్టు ఉంటారు. కుడివైపు నుంచి ఏ లారీ మీదికొస్తుందో వాడికి కనపడదు. కనిపించేది గట్టే, అందుకని గట్టును పట్టుకుని పాకుతున్నాడు. తల్లి కొంగు పట్టుకున్న పిల్లాడిలా.

"ఒరేయ్, చక్రం మట్టిలో నడుస్తోందిరా" అంది ఫెంగ్సీ.

"నాకు తెలుసక్కా."

"తెలిస్తే తారు మీదికి రా. రోడ్డు వేసింది చూసుకోడానికా?"

"నువ్వు వాడికి దారి చెప్పుకో. నాకు చెప్పకు. చచ్చినవాడికి మలుపులు చెప్పడం, బతికున్నవాడికి బండి నేర్పడం, రెండూ నీవల్లే అవుతాయి!"

అన్నాక నాలుక్కరుచుకున్నాడు. ఫెంగ్సీ ఏమీ అనలేదు. ఆమె ఊరుకుందంటే అదే తిట్టు.

యసోథోన్ దాటాక, రెండు పక్కలా జామాయిల్ తోటలున్న చోట, తారు అంచు విరిగి పళ్ళు బయటపెట్టి ఉంది. ముందు ఎడమ టైరు దాని మీదికి ఎక్కి దిగింది. పిడుగు పడ్డట్టు చప్పుడు. బండి గట్టుకేసి లాగేసింది. బున్‌తన్ స్టీరింగును కౌగిలించుకుని ఎలాగో నిలిపాడు.

ఫెంగ్సీ కుండను పొట్టకు అదుముకుని తన పక్క తలుపు తెరిచింది. బూరా మోగించుకుంటూ ఓ చెరకులారీ ఆమె చీలమండల మీద గాలి కొట్టి పోయింది. జన్మంతా బండి తలుపు తీస్తే గట్టు మీద కాలు పెట్టిన మనిషి, ఇక్కడ నడిరోడ్డు మీద పెట్టింది. గబుక్కున లోపలికి వచ్చి తలుపు మూసింది. తన సంగతి మరిచిపోయి ముందు కొడుకుకే చెప్పింది.

"ఇటు దిగకు నాయనా! ఇటు లారీలొస్తున్నాయి. మీ మామ వైపు దిగు. దిగి, అదుగో ఆ చెట్టు కింద కూర్చో. నేను పిలిచేదాకా కదలకు."

తానూ అటే దిగింది.

టైరు చూస్తే, పక్క గోడ బెత్తెడు మేర కోసుకుపోయి, లోపలి దారాలు పేగుల్లా వేలాడుతున్నాయి. బున్‌తన్ ఓ కొమ్మ విరిచి, వెనకొచ్చే బండ్లకు తెలిసేలా రోడ్డు మీద పడేశాడు. తరవాత బండి కిందికి దూరాడు స్టెప్నీ కోసం.

"అది బాగుందా?" అంది ఫెంగ్సీ.

"ఉంది."

"ఉందా అని అడగలేదురా, బాగుందా అని అడిగాను."

స్టెప్నీ బిగించిన గొలుసు తుప్పుపట్టి ఊడలేదు. రాయితో కొట్టాడు, పానాతో కొట్టాడు, రోడ్డేసినవాణ్ణి తల్లీతండ్రులతో సహా తిట్టాడు. జాకీ మెత్తటి మట్టిలో దిగబడితే ఫెంగ్సీ పరిగెత్తి ఓ పలక వెతికి తెచ్చింది. ఎండ నెత్తి మీద కాలుస్తోంది. లారీ పోయినప్పుడల్లా జాకీ మీది బండి వణికింది. చివరికి చక్రం మార్చి జాకీ దింపాక చూస్తే స్టెప్నీ బుస్సుమంటోంది. ఎక్కడో సన్నటి చిల్లి.

"ఎక్కు! ఎక్కు! గాలి మొత్తం పోయేలోగా ఊళ్ళో పడాలి! ఎక్కవే అక్కా!"

వాడలా అరుస్తూ బండి కదిలించేశాడు. ఫెంగ్సీ కాళ్ళకు కదులుతున్న బండి కనబడితే చాలు, పరిగెత్తడం వాటికి అలవాటు. కుండ చంకన పెట్టుకుని, పరిగెత్తి, తలుపు పట్టుకుని ఎక్కేసింది. ఎక్కి, "పోనీ, పోనీ" అంది.

అంతే. పిలవలేదు.

కొంత దూరంలో ఊరి మొదట్లో, టైరు వేలాడదీసిన రేకులషెడ్డు కనిపించింది. చన్ అనే ముసలాయన, ఆయన పెళ్ళాం సమ్‌లీ నడిపే పంక్చరు షాపు. చన్ కోసుకుపోయిన టైరును వేలితో తడిమి పక్కన పారేశాడు.

"పక్క కోసుకుంటే ప్యాచీ నిలవదు తమ్ముడూ. కడుపు చీలినవాడికి తలనొప్పి మాత్ర ఇచ్చినట్టుంటుంది."

"మరి?"

"పాతది ఒకటుంది. అరిగింది. నెమ్మదిగా పోతే నది దాకా తీసుకెళుతుంది. అక్కణ్ణించి మీ దేశం, మీ అదృష్టం. స్టెప్నీకి ప్యాచీ వేద్దామంటే రబ్బరే ఎండిపోయింది. దాన్ని మాత్రం నమ్ముకోకండి."

ఫెంగ్సీ ఆ పాత టైరుతో పేచీ పెట్టుకుంది, దాని మొహం మీద గీతలే లేవంది. చన్ నవ్వి, "నా మొహం మీద గీతలున్నాయి, నన్ను తగిలించుకుపోతావా?" అన్నాడు. సమ్‌లీ నీళ్ళిచ్చి, ఒళ్ళో కుండ చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. ఆ కాస్త నీడకు ఫెంగ్సీ కళ్ళు మూతలు పడ్డాయి. బండెక్కగానే నిద్రపోయింది. కొడుకు కబురు విన్నాక అదే మొదటి నిద్ర.

లేచేసరికి సరిహద్దు ఊరు ముక్దహాన్. ఎదురుగా నది మీద పెద్ద వంతెన, గేటు దగ్గర బండ్ల వరస. ఫెంగ్సీ కొంగుతో మొహం తుడుచుకుని కుండ మీద చెయ్యి వేసింది.

"నాయనా, పెద్ద నది వచ్చింది..."

కుండ మీది చెయ్యి తీసేసింది.

"ఏమైందక్కా?"

"వాడు ఎక్కలేదురా."

"ఎవరు?"

"నేను పిలవలేదు. చెట్టు కింద కూర్చోమన్నాను. పిలిచేదాకా కదలకన్నాను. పిలవలేదు."

బున్‌తన్ కుండను చూశాడు. "నీ ఒళ్ళోనే ఉన్నాడుగా!"

"ఇవి ఎముకలు. ఎముకల్ని నేను మోసుకొచ్చాను. వాణ్ణి రోడ్డు పక్కన కూర్చోబెట్టి వచ్చాను."

"నిద్రలో ఏదో... అక్కా, ఊరికి వెళ్ళాక మన గుడి భిక్షువు ఇంకోసారి పిలుస్తాడులే."

"ఊళ్ళో పిలిస్తే యసోథోన్‌లో వినిపిస్తుందా? సెనోలో నేను అరిస్తే నీ ఇంట్లో వినిపించిందా ఎప్పుడైనా?"

"చన్ ఏమన్నాడు? నది దాకానే అన్నాడు! మళ్ళీ పేలితే స్టెప్నీ కూడా లేదు. ఇద్దరం అక్కడే కూర్చోవాలి, ఆ చెట్టు కింద!"

"కూర్చుంటాను" అంది ఫెంగ్సీ.

తలుపు తీసుకుని దిగింది. బండ్ల వరసకు ఎదురుగా, కుండ ఎత్తుకుని, వచ్చిన దారినే నడవడం మొదలుపెట్టింది. వెనకున్న బండ్లవాళ్ళు బూరాలు కొట్టారు. బున్‌తన్ బండి తిప్పి ఆమెను ఎక్కించుకున్నాడు.

చన్ షాపు దగ్గర ఆగి సంగతి చెప్పారు. చన్ ఈసారి హాస్యమాడలేదు. "ఏ చెట్టు?" అన్నాడు.

అదే ఫెంగ్సీకి తెలియదు. జామాయిల్ చెట్లన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకేలా ఉంటాయి. ఊరు దాటితే రోడ్డు పొడుగునా చెట్లే, గట్టు పొడుగునా పేలిన టైరు ముక్కలే. తమవి ఏవో, ఎవరెవరివో ఎవరికి తెలుసు? బున్‌తన్ వేసిన కొమ్మను లారీలు ఎప్పుడో పొడి చేసి ఉంటాయి.

బయల్దేరేముందు సమ్‌లీ ఫెంగ్సీ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఊరికే 'ఎక్కు నాయనా' అని పిలవకు. పూర్తి పేరు పెట్టి పిలువు. ఊరి పేరు చెప్పు, నీ పేరు చెప్పు."

"ఎందుకు? నా గొంతు వాడికి తెలీదా?"

"వాడికి తెలుసు. ఈ రోడ్డు మీద చెట్ల కింద కూర్చున్నది మీవాడొక్కడే అనుకున్నావా? అందరూ ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తున్నవాళ్ళే. 'నాయనా' అంటే ఎంతమంది లేస్తారో!"

ఫెంగ్సీ తల ఊపింది.

యసోథోన్ వైపు చాలా దూరం పోయి, అక్కణ్ణించి బండి మళ్ళించి, బున్‌తన్ నడక వేగంతో తోలాడు. అరిగిన టైరు కుంటివాడి కాలులా దడదడమంటోంది. ఫెంగ్సీ పక్క నడిరోడ్డు వైపు గనక చెట్లు అటుపక్క పడ్డాయి. అందుకని వెనక ట్రాలీలోకి ఎక్కి, కుండ కాళ్ళ మధ్య పెట్టుకుని, అంచు పట్టుకుని నిలబడింది. కోడి అమ్మే కాలమంతా నేల మీద నిలబడి బండ్లలోకి అరిచింది. ఇవాళ బండి మీద నిలబడి నేలకేసి అరిచింది.

"సిథోన్! ఓ సిథోన్! సెనో దగ్గరి నోంగ్‌దేన్ ఊరి సిథోన్! ఫెంగ్సీ కొడుకు సిథోన్! తుయ్! అమ్మ వచ్చింది, ఎక్కు! మీ మామ బండి ఇదే! ఎక్కు!"

ప్రతి చెట్ల గుంపుకూ అదే. స్కూటర్ల మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఓ వ్యానువాడు ఆపి, "పిల్లాడు తప్పిపోయాడా పెద్దమ్మా?" అని అడిగాడు. "అవును" అంది ఫెంగ్సీ. "ఏ రంగు చొక్కా?" అన్నాడు. బున్‌తన్ తల బయటికి పెట్టి చేతులు జోడించి, వెళ్ళిపొమ్మని సైగ చేశాడు.

ఎండ దిగింది. గొంతు ముందు గరగరలాడింది, తరవాత చీలింది, తరవాత కంచుబిందె పగిలినట్టయింది. చన్ షాపు కనబడేసరికి పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు. ఒక్క కేక కూడా తిరిగి రాలేదు. కొమ్మ కదల్లేదు, కాకి అరవలేదు, ఒంటి మీద వెంట్రుక లేవలేదు. ఎక్కినవాడు ఎక్కానని చెప్పడు కదా. ఎక్కనివాడూ చెప్పడు.

ముక్దహాన్‌లో వంతెన ఎక్కేటప్పుడు ఫెంగ్సీ కుండ మీద చెయ్యి వేసి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తమ్ముడి మోచెయ్యి పట్టుకుని ఊపింది.

బున్‌తన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అల్లుడా" అన్నాడు. "పెద్ద నది దాటుతున్నాం. కిందికి చూడకు. అటుపక్కకెళ్ళాక రోడ్డు కుడికి మారుతుంది, మన పద్ధతి. కంగారు పడకు. ఆ టైరు... నేను గట్టు పట్టుకుని తోలానురా. మీ అమ్మ తారు మీదికి రమ్మంది."

అరిగిన టైరు ఇంటి దాకా వచ్చింది. ఎముకలు గుడి ప్రహరీ పక్క చిన్న స్తూపంలో పెట్టారు. ఊరి భిక్షువు తంతు చేయబోతూ, "వచ్చాడా?" అని అడిగాడు. అది అడగాల్సిన మాటే, అడక్కుండా తంతు జరగదు. ఫెంగ్సీ బున్‌తన్ వైపు చూసింది. వాడు నేల చూశాడు. "వచ్చాడనే చేయండి స్వామీ" అంది, గుసగుసగా.

ఇరుగూ పొరుగూ రోజూ అడిగేవాళ్ళు, కలలోకి వచ్చాడా అని. రాలేదంటే ఒకత్తె, "అయ్యో, అయితే ఇంకా అక్కడే ఉన్నాడేమో" అనేది. ఇంకొకత్తె, "పిచ్చిదానా, శాంతిగా ఉన్నవాడు కలలోకి ఎందుకొస్తాడు?" అనేది. ఇద్దరికీ ఖాయంగా తెలిసినట్టే ఉండేది. పక్కింటి చావు గురించి తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక!

కొన్నాళ్ళకు ఫెంగ్సీ మళ్ళీ పొయ్యి వెలిగించింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. బస్సుల వెంట పరిగెత్తినా వినేవాళ్ళు లేరు. ముందు వెళ్ళినవాళ్ళే అమ్ముకునేవాళ్ళు. ఆమె ఇప్పుడు బస్సులకన్నా నది దాటిపోయే వ్యాన్ల కోసం ఎక్కువ చూసేది. సెనోలో ఆగిన డ్రైవరు చేతిలో ఓ కోడిపుల్ల పెట్టి, పేరూ ఊరూ రెండుసార్లు చెప్పించుకునేది.

"యసోథోన్ ఇవతల, జామాయిల్ తోటల దగ్గర నెమ్మది చేసి పిలువు. పూర్తి పేరు."

కొందరు కోడి తిని, సరే అని, మరిచిపోయేవాళ్ళు. ఒకడు మొహం మీదే నవ్వాడు. ఇంకోడు, "పెద్దమ్మా, వేరెవరైనా ఎక్కితే నా వ్యాను గతేం కావాలి?" అని కోడి తిరిగి ఇచ్చేశాడు. వాడి భయం న్యాయమైందే.

వోన్‌సక్ అనే వ్యాను డ్రైవరు మాత్రం ఒకనాడు మధ్యాహ్నం తిరిగి వస్తూ ఆమె పొయ్యి ముందు ఆపాడు. జనం కిక్కిరిసి ఉన్నారు, ఎండకు ఉడికిపోతున్నారు.

"పిలిచాను పెద్దమ్మా. మూడు చోట్ల ఆపి పిలిచాను. నాకేమీ తెలియలేదు, ఎవరూ ఎక్కినట్టు లేదు."

"ఎక్కితే నీకు తెలుస్తుందా?" అంది ఫెంగ్సీ. చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినబడని గొంతు. "దిగమని చెప్పావా?"

"లేదు."

"చెప్పకుండా ఎలా దిగుతాడురా?"

విసనకర్ర కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, వ్యాను చుట్టూ తిరిగి గట్టు పక్కకు వచ్చి తలుపు పక్కకు లాగింది. లోపలివాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు.

"సిథోన్" అంది. "సెనో వచ్చింది నాయనా. దిగు. ఇటే దిగు, ఇటు లారీలు రావు."

తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. ఓ ముసలాయన తన మూట ఒళ్ళోకి తీసుకుని కాస్త దారి ఇచ్చాడు. వోన్‌సక్ ఇంజను ఆపేసి, ఆమె మూసేదాకా ఆగాడు.